విజయవాడ ఇంటి పన్ను: ఊరట ఎవరికి అందుతోంది, ఎవరికి అందాలి

2021 నుంచి విజయవాడలో ఇంటి పన్ను మీద సాగుతున్న వాదన రెండు మాటల చుట్టూనే తిరుగుతోంది. అద్దెకు బదులు ఆస్తి విలువను బట్టి పన్ను వేసే కొత్త పద్ధతిని రద్దు చేయాలని ఒకరంటారు. ఏటా 15 శాతానికి మించి పెంచడం లేదు కదా అని మరొకరంటారు. సత్యనారాయణపురంలో తాతల నాటి పెంకుటింట్లో ఉంటున్నవారికీ, పటమటలో రెండు పడకగదుల ఫ్లాటు కొనుక్కుని వాయిదాలు కడుతున్నవారికీ కావలసిన జవాబు ఈ రెండు మాటల్లోనూ లేదు. వాళ్లకు తెలియాల్సింది ఒకటే: ఈ ఇంటి పన్ను పెరిగి పెరిగి ఏ అంకె దగ్గర ఆగుతుంది? ఆ అంకె ఒక్కో ఇంటికి ఒక్కో రకంగా ఉంది. ఊరట పేరుతో ఇంతవరకు ఇచ్చినవన్నీ ఆ అంకెను కదిలించకుండా ఇచ్చినవే. అందుకే బిల్లులో తేడా కనిపించడం లేదు.

ముందు పద్ధతి ఎందుకు మారిందో చూడాలి. అది తెలియకపోతే ఎక్కడ పట్టుబట్టాలో తెలియదు.

పాత పద్ధతిలో పన్ను ఇంటి అద్దె మీద ఆధారపడేది. ఊరిని జోన్లుగా విడగొట్టి, ఫలానా జోన్‌లో ఫలానా రకం కట్టడానికి చదరపు మీటరుకు నెలకు ఇంత అద్దె రావచ్చని నిర్ణయించి, దాన్ని పన్నెండు నెలలకు లెక్కకట్టి, కట్టడం వయసును బట్టి కొంత తగ్గించి, మిగిలిన వార్షిక అద్దె విలువ మీద పన్ను వేసేవారు. ఆర్‌సీసీ డాబాకు ఒక రేటు, మద్రాసు టెర్రస్‌కు ఒకటి, రేకులకు ఒకటి, పెంకుటింటికి ఇంకొకటి. ఐదేళ్లకోసారి ఈ రేట్లు సవరించాలని చట్టం చెబుతున్నా, నివాస గృహాలకు 2002లోనూ, నివాసేతర భవనాలకు 2007లోనూ చేసిన సవరణే చివరిది. ఆ తర్వాత ఏ పార్టీ అధికారంలో ఉన్నా దాని జోలికి పోలేదు. దాదాపు ఇరవై ఏళ్లు నిద్రపోయిన పన్నును ఒక్కసారిగా లేపడమే ఇప్పటి గొడవకు సగం కారణం. మధ్యలో ఐదేళ్లకోసారి కాస్త కాస్త పెంచి ఉంటే ఇంత వాదన ఉండేదే కాదు.

లేపిన సందర్భం కరోనా. 2020 మేలో కేంద్రం రాష్ట్రాల అప్పు పరిమితిని స్థూల ఉత్పత్తిలో 2 శాతం మేర పెంచింది. అందులో కొంత భాగాన్ని సంస్కరణలకు ముడిపెట్టింది. పట్టణ స్థానిక సంస్థల సంస్కరణలకు దక్కే వాటా 0.25 శాతం. ఆస్తి పన్ను కనీస రేట్లను రిజిస్ట్రేషన్ విలువలకు అనుగుణంగా నిర్ణయించాలి, నీటికీ డ్రైనేజీకీ అయ్యే ఖర్చుకు తగ్గట్టు చార్జీలు వసూలు చేయాలి అన్నవి దాని షరతులు. రాష్ట్ర ప్రభుత్వం మునిసిపల్ చట్టాలను సవరించి, 2020 నవంబరు 24న జీవో 196, 197, 198 ఇచ్చింది. ఆస్తి పన్నుకు సంబంధించింది 198. ఈ సంస్కరణలు పూర్తిచేసినందుకు 2021 జనవరిలో కేంద్ర ఆర్థిక శాఖ ఆంధ్రప్రదేశ్‌కు 2,525 కోట్ల రూపాయల అదనపు అప్పుకు అనుమతి ఇచ్చింది. అప్పు కోసం జనం మీద పన్ను వేశారని వామపక్షాలు అన్నది దీన్ని చూసే. కొత్త పద్ధతి 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది.

అంతకు కొద్ది వారాల ముందే, మార్చి 10న, నగరపాలక సంస్థ ఎన్నికలు జరిగాయి. 64 డివిజన్లలో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 49, తెలుగుదేశానికి 14, సీపీఎంకు ఒకటి వచ్చాయి. కొత్త పన్నును అప్పట్లో తెలుగుదేశం, జనసేన, వామపక్షాలు మూడూ వ్యతిరేకించాయి. 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారాక, ఆ ఏడాది అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు చెత్త పన్ను రద్దు ప్రకటించారు. నెలకు 120 రూపాయల దాకా వసూలు చేసిన ఆ చార్జీ పోవడం ఇంటింటికీ తెలిసిన ఊరట. ఆస్తి పన్ను పద్ధతిని మాత్రం అలాగే ఉంచారు. ఆస్తి విలువను బట్టి పన్ను వేసే ఈ మూలధన విలువ లెక్కను ఎత్తేస్తే కేంద్ర నిధుల షరతు అడ్డొస్తుందన్నది అధికారులు చెప్పే మాట. అందులో ఎంత నిజముందో కొంచెం కిందికి వెళ్లాక చూద్దాం.

లెక్క ఎలా కడతారు

కొత్త పద్ధతిలో స్థలం విలువ, కట్టడం విలువ కలిపి ఆస్తి మూలధన విలువ అవుతుంది. స్థలానికి రిజిస్ట్రేషన్ శాఖ మార్కెట్ విలువ పుస్తకంలో ఉన్న గజం ధర తీసుకుంటారు. కట్టడానికి చదరపు అడుగుకు ఇంత అని నిర్మాణ రకాన్ని బట్టి రేటు ఉంటుంది, వయసును బట్టి తరుగు తీస్తారు. ఆ మొత్తం మీద నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం మధ్య, నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం మధ్య స్థానిక సంస్థ రేటు ఖరారు చేసుకోవచ్చు. అంటే హద్దులు గీసింది రాష్ట్రం, ఆ హద్దుల్లో అంకె పెట్టుకునేది కౌన్సిల్. ఈ విభజన వల్ల ఒక చిక్కు ఉంది. ఇంటివారు కార్పొరేటర్‌ను అడిగితే జీవో రాష్ట్రానిదంటారు, ఎమ్మెల్యేని అడిగితే రేటు కౌన్సిల్ పెట్టిందంటారు. ఇద్దరూ చెప్పేది సగం నిజం.

ఇప్పుడు రెండు ఇళ్లు తీసుకుందాం. అంకెలు లెక్క అర్థం కావడానికి ఊహించినవి, ఏ వీధి అసలు ధరలూ కావు. గజం రిజిస్ట్రేషన్ విలువ 30,000 రూపాయలు, పన్ను రేటు 0.15 శాతం అనుకుందాం.

మొదటిది అపార్ట్‌మెంట్‌లో 1,000 చదరపు అడుగుల ఫ్లాటు. అపార్ట్‌మెంట్ స్థలంలో ఈ ఫ్లాటుకు వచ్చే అవిభాజ్య వాటా 40 గజాలు. స్థలం విలువ 12 లక్షలు. కట్టడం అడుగుకు 1,300 చొప్పున 13 లక్షలు, 20 శాతం తరుగు పోతే 10.4 లక్షలు. మొత్తం 22.4 లక్షలు. పన్ను ఏడాదికి 3,360 రూపాయలు.

రెండోది అదే వీధిలో 100 గజాల్లో 600 చదరపు అడుగుల పెంకుటిల్లు. స్థలం విలువ 30 లక్షలు. కట్టడం అడుగుకు 700 చొప్పున 4.2 లక్షలు, 30 శాతం తరుగు పోతే 2.94 లక్షలు. మొత్తం 32.94 లక్షలు. పన్ను 4,941 రూపాయలు.

పెద్దది, కొత్తది, లిఫ్టు ఉన్నది అయిన ఫ్లాటు కంటే చిన్నది, పాతది అయిన పెంకుటిల్లు దాదాపు యాభై శాతం ఎక్కువ కడుతుంది. పాత పద్ధతిలో ఇది తలకిందులుగా ఉండేది, ఎందుకంటే పెంకుటింటి అద్దె తక్కువ. కొత్త పద్ధతి బరువును గోడల మీద నుంచి నేల మీదకు మార్చింది. గోడలకు తరుగు ఉంటుంది, నేలకు ఉండదు. పైగా వన్‌టౌన్, గవర్నర్‌పేట, సత్యనారాయణపురం లాంటి పాత పేటల్లో గజం విలువ పెరగడానికి కారణం వీధి వాణిజ్యం. ఆ ఇంట్లో ఉంటున్నవారి రాబడితో దానికి సంబంధం లేదు. రోడ్డుకు ఆ పక్క బంగారం కొట్టు రావడం వల్ల, ఈ పక్క పింఛను మీద బతికేవారి పన్ను పెరుగుతుంది.

ముంబై కార్పొరేషన్ మూలధన విలువ పన్ను కేసులో 2022 నవంబరు 7న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇక్కడ పనికొస్తుంది. మూలధన విలువ పద్ధతిని కోర్టు తప్పుపట్టలేదు. కానీ ఆ స్థలంలో భవిష్యత్తులో ఎంత కట్టవచ్చో ఊహించి ఆ విలువ మీద పన్ను వేసే నిబంధనలను కొట్టేసింది. ఆస్తి ఇవాళ ఉన్న స్థితి మీదే పన్ను ఉండాలంది. మన రిజిస్ట్రేషన్ పుస్తకంలో మెయిన్ రోడ్డు గజం ధర వేరు, లోపలి సందు ధర వేరు. సందులోని ఇంటికి మెయిన్ రోడ్డు ధర పడితే అది కేవలం గుమాస్తా పొరపాటుగా వదిలేయాల్సింది కాదు. రాతపూర్వకంగా పోరాడదగిన తప్పు.

15 శాతం పరిమితి చేసేదేమిటి

కొత్త లెక్క ప్రకారం వచ్చిన పన్ను పాత పన్నుకు ఎన్ని రెట్లున్నా, ఏడాదికి 15 శాతం కంటే ఎక్కువ పెంచకూడదన్నది రాష్ట్రం పెట్టిన పరిమితి. చెప్పుకోవడానికి ఇది పెద్ద ఊరట. లెక్క వేసి చూస్తే ఇది ఊరట కాదు, వాయిదా.

పైన చెప్పిన ఫ్లాటుకు పాత పన్ను 2,400 అనుకుందాం. మొదటి ఏడాది 2,760, రెండో ఏడాది 3,174, మూడో ఏడాది 3,360. అక్కడితో ఆగుతుంది. పెంకుటింటికి పాత పన్ను 1,000 అనుకుందాం. అది 1,150, 1,322, 1,521 ఇలా పెరుగుతూ పోయి, పదకొండో ఏడాదికి 4,650 దాటి, పన్నెండో ఏడాదికి గాని 4,941 దగ్గర ఆగదు. ఇద్దరికీ పరిమితి ఒకటే, రేటు ఒకటే. ఒకరికి మూడేళ్లలో ముగిసిపోయే పెంపు మరొకరికి పన్నెండేళ్లు నడుస్తుంది. 15 శాతం మీద 15 శాతం పడుతుంది కాబట్టి ఐదేళ్లలో పన్ను రెట్టింపవుతుందన్న సంగతి కూడా ఎవరూ బిల్లు ఇచ్చేటప్పుడు చెప్పరు.

మధ్యలో రిజిస్ట్రేషన్ విలువలు పెరిగితే? రాష్ట్రంలో 2025 ఫిబ్రవరి 1 నుంచి కొత్త విలువలు వచ్చాయి. పన్ను ఆ పుస్తకంతో ముడిపడి ఉన్నంతకాలం చేరాల్సిన అంకె కూడా దూరం జరుగుతూనే ఉంటుంది. పరిమితి వేగాన్ని ఆపుతుంది గాని దూరాన్ని కాదు. ఆ పుస్తకం ధర తనంతట తాను తగ్గదన్నది కూడా గుర్తుంచుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ప్రభుత్వం నేల అంతస్తు ఇళ్లకు 25,000, పై అంతస్తులకు 10,000 రూపాయల సాయం ఇచ్చింది. అది ఒక్కసారి ఇచ్చే సాయం. వరద తగిలిన వీధి అన్న కారణంతో పన్ను లెక్కలో గజం ధర తగ్గించే దారి ఈ పద్ధతిలో లేదు. అద్దె ఆధారంగా ఉన్నప్పుడు, కనీసం వాదించడానికైనా, ఈ వీధిలో అద్దెలు పడిపోయాయని చూపించే వీలుండేది.

పరిమితితో ఇంకో తేడా కూడా వచ్చింది. 2021 ఏప్రిల్ తర్వాత కట్టిన ఇంటికి పాత పన్ను అంటూ ఏమీ లేదు. దానికి మొదటి రోజు నుంచే పూర్తి లెక్క. ఒకే వీధిలో, ఒకే కొలతల్లో ఉన్న రెండు ఇళ్లలో 2019లో కట్టినది తక్కువ, 2022లో కట్టినది ఎక్కువ కడుతుంది. కొత్తగా అప్పు చేసి ఇల్లు కట్టుకున్నవారే ఎక్కువ వాయిదాలు కట్టేవారు కూడా. పరిమితిని ఇంకా తగ్గించి 5 శాతం చేయమనే డిమాండుకు ఉన్న ఇబ్బంది ఇదే. అది పాత ఇళ్లకు మేలు చేస్తుంది గాని ఈ అంతరాన్ని ఇంకా చాలా ఏళ్లు పొడిగిస్తుంది.

ఇప్పుడున్న రాయితీలు ఎవరికి చేరుతున్నాయి

ఏప్రిల్ 30లోగా ఏడాది పన్ను మొత్తం కడితే 5 శాతం రిబేటు ఉంది. ఏడాదికి 5,000 కట్టేవారికి 250 రూపాయలు మిగులుతుంది. మంచిదే. కానీ పన్ను చట్టప్రకారం రెండు అర్ధ సంవత్సరాలది. మొదటి సగం జూన్ 30లోగా, రెండో సగం డిసెంబరు 31లోగా కట్టవచ్చు. రెండుసార్లు గడువులోపే కట్టే ఆటో డ్రైవరుకు ఈ రిబేటు రాదు, ఎందుకంటే ఏప్రిల్‌లో పిల్లల ఫీజుల ముందు మొత్తం డబ్బు ఒకేసారి తీయలేరు. ఏ అర్ధ సంవత్సరానిది ఆ మొదటి నెలలో కట్టినా 5 శాతం ఇవ్వడానికి అడ్డేమీ లేదు. కార్పొరేషన్‌కు పెద్దగా ఖర్చు లేని మార్పు ఇది.

గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ. ఏడాదికి 24 శాతం. బంగారం తాకట్టు పెట్టుకున్నా ఇంత వడ్డీ పడని రోజులివి. 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం బకాయిల మీద వడ్డీలో 50 శాతం మాఫీ ఇచ్చింది. 5,000 రూపాయలు మూడేళ్లు కట్టకుండా ఉంచినవారికి 3,600 వడ్డీ అవుతుంది, మాఫీతో 1,800 తగ్గుతుంది. మొదటి రోజే కట్టినవారికి 250. ఇలాంటి మాఫీలు మార్చి నెలల్లో వస్తాయని జనానికి ఒకసారి నమ్మకం కుదిరితే, పెద్ద బకాయిదారులు ఆ నెల కోసమే ఎదురుచూస్తారు. కష్టంలో ఉండి కట్టలేకపోయినవారు కూడా బకాయిదారుల్లో ఉంటారు, వాళ్లకు మాఫీ అవసరమే. ఇద్దరినీ విడదీయాలంటే మాఫీని ఇంటి విస్తీర్ణానికి, వాడకానికి ముడిపెట్టాలి. ఇంత విస్తీర్ణం లోపు సొంత ఇల్లయితే వడ్డీ పూర్తిగా మాఫీ, వాణిజ్య భవనమైతే అసలు లేదు అన్నట్టు. వడ్డీ రేటునే నెలకు 1 శాతానికి దించితే మాఫీల అవసరమే సగం తగ్గుతుంది.

చిన్న ఇళ్లకు ఒక మంచి ఏర్పాటు జీవోలో ఉంది. 375 చదరపు అడుగుల లోపు నివాసానికి ఏడాదికి 50 రూపాయలే. పేదలకు ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగుల మూడు రకాలు. మొదటి రెండూ గీతకు ఇవతల, మూడోది అవతల. గీత దాటగానే రాయితీ ఒక్కసారిగా పోతుంది, మెట్లు లేవు. అందుకే కొలత దగ్గర పేచీలొస్తాయి. గోడల మందం, బాల్కనీ, మెట్ల కింద కట్టిన బాత్‌రూమ్ కలిపి కొలిస్తే 360 అడుగుల ఇల్లు 380 అవుతుంది. 375 దాటిన ఇంటికి కూడా మొదటి 375 అడుగులు మినహాయించి, మిగిలిన దానికే పన్ను వేస్తే ఈ పేచీ పోతుంది. ముంబైలో 2022 నుంచి 500 చదరపు అడుగుల దాకా ఇళ్లకు ఆస్తి పన్ను లేదు. అక్కడా గీత దగ్గర మెట్టు లేదు. ఆ లోపాన్ని మనం అరువు తెచ్చుకోనక్కర్లేదు.

హైదరాబాద్ అనుభవం ఇంకొకటి చెబుతుంది. 2016 జీహెచ్‌ఎంసీ ఎన్నికల ముందు ఏడాదికి 1,200 రూపాయల లోపు పన్ను ఉన్న ఇళ్లకు 101 రూపాయలు చేశారు. 2020 ఎన్నికల ముందు 15,000 లోపు కట్టేవారికి ఆ ఏటి పన్నులో సగం తగ్గించారు. మొదటిది నియమంగా మారింది, ఏటా పనిచేస్తుంది. రెండోది ఆ ఏడాదితో పోయింది. అడిగేవాళ్లు ఎప్పుడూ మొదటి రకమే అడగాలి.

కొండ మీద ఇళ్ల సంగతి

విజయవాడలో రద్దు నినాదం అందరికీ ఒకేలా తాకదు. క్రీస్తురాజపురం, గుణదల, విద్యాధరపురం కొండల మీద దశాబ్దాలుగా ఉంటున్న కుటుంబాల్లో చాలామందికి పట్టా లేదు. వాళ్ల దగ్గర ఉన్న కాగితం ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు. పన్ను కట్టినంత మాత్రాన స్థలం మీద హక్కు రాదని చట్టం స్పష్టంగానే చెబుతుంది. కానీ ప్రభుత్వ స్థలంలో ఇంటిని క్రమబద్ధీకరించమని దరఖాస్తు పెట్టినప్పుడు, ఎప్పటినుంచి ఉంటున్నారో చూపించడానికి అడిగే ఆధారాల్లో ఆ రసీదు ఉంటుంది. అందుకే కొండ మీదివాళ్లు పన్ను కట్టడానికి ముందుకొస్తారు. వాళ్లకు కావలసింది పన్ను లేకపోవడం కాదు, తక్కువ పన్నుతో క్రమం తప్పని రసీదు. 50 రూపాయల శ్లాబులో కూడా పన్ను రికార్డులో ఇంటికి ఉండే అసెస్‌మెంట్ నంబరు, డిమాండు, రసీదు పూర్తిగా ఉండాలని పట్టుబట్టాల్సింది ఇందుకే. పూర్తి మినహాయింపు ఇచ్చి రికార్డు నుంచి తీసేస్తే రేపు చూపించుకోవడానికి ఏమీ మిగలదు.

సొంత కాపురానికి పోయిన రాయితీ

ఈ మొత్తం వాదనలో అందరూ మరిచిపోయిన ఒక సంగతి ఉంది. ఇంటి పన్ను మీద పోరాడేవారు మిగతా అన్నిటికంటే ముందు పట్టుకోవాల్సింది దీన్నే.

రాష్ట్ర మునిసిపాలిటీల చట్టం కింద, అద్దె విలువ పద్ధతిలో, యజమాని తన ఇంట్లో తానే కాపురముంటే వయసు తరుగుతో కలిపి 40 శాతం రిబేటు ఉండేది. సొంత ఇంట్లో ఉండేవారికి ఆ ఇంటి నుంచి అద్దె రాదు, కాబట్టి అద్దె వచ్చే ఇంటితో సమానంగా పన్ను వేయకూడదన్నది దాని వెనక ఉన్న న్యాయం. మూలధన విలువ పద్ధతిలో నివాసమా, నివాసేతరమా అన్నదే ప్రశ్న. ఎవరు ఉంటున్నారన్నది లెక్కలోకి రాదు. పది ఫ్లాట్లు అద్దెకిచ్చుకున్నవారికీ ఉన్న ఒక్క ఇంట్లో ఉంటున్నవారికీ రేటు ఒకటే.

దీన్ని తిరిగి తేవడానికి కేంద్రం షరతు అడ్డొస్తుందా? 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పట్టణ సంస్థల గ్రాంట్లకు ఆస్తి పన్ను విషయంలో పెట్టిన షరతులు రెండు. ఆస్తి పన్ను కనీస రేట్లను నోటిఫై చేయాలి. ఆ తర్వాత వసూళ్లు రాష్ట్ర స్థూల ఉత్పత్తి వృద్ధికి తగ్గట్టు పెరగాలి. సొంత కాపురానికి రాయితీ ఇవ్వకూడదని అందులో లేదు. మొత్తం వసూలు పెరుగుతున్నంతవరకు లోపల ఎవరి మీద ఎంత బరువు పెట్టాలన్నది రాష్ట్రం, కౌన్సిల్ చేతుల్లోనే ఉంది. షరతు ఉందన్న మాట నిజం. చేతులు కట్టేసిందన్న మాట నిజం కాదు.

అసలు కష్టం అమలులో ఉంది, దాన్ని దాచకూడదు. పాత రోజుల్లో యజమానే ఉంటున్నాడా, అద్దెకున్నారా అన్న గడిలో ఏం రాయాలో బిల్ కలెక్టర్ ఇష్టం. అక్కడే చేతులు తడిపే అలవాటు పుట్టింది. ఇప్పుడు చేస్తే వేరేలా చేయాలి. కుటుంబానికి రాష్ట్రం మొత్తంలో ఒకే ఇంటికి రాయితీ. వార్డు సచివాలయంలో యజమాని స్వీయ ప్రకటన, దానికి ఆధార్ చిరునామా, కరెంటు సర్వీసు పేరు జతచేయడం. కింద యజమాని, పైన అద్దె ఉన్న ఇళ్లు విజయవాడలో వీధికి పది ఉంటాయి, కాబట్టి రాయితీ అంతస్తు వారీగా ఇవ్వాలి, ఇంటి మొత్తానికి కాదు. ఏటా కొన్ని ప్రకటనలను యాదృచ్ఛికంగా తనిఖీ చేసి, అబద్ధమని తేలితే తీసుకున్న రాయితీకి రెట్టింపు వసూలు చేయాలి. యజమాని చనిపోయి పేరు మారని ఇళ్లు ఉంటాయి. మ్యుటేషన్ అయ్యేదాకా వారసుల్లో అక్కడ ఉంటున్నవారి ప్రకటనను తాత్కాలికంగా ఒప్పుకోకపోతే, రాయితీ ఎక్కువగా అవసరమైన వితంతువులకే అది అందకుండా పోతుంది.

తగ్గిన డబ్బు ఎక్కడి నుంచి

కార్పొరేషన్‌కు డబ్బు అవసరం లేదని ఎవరూ అనలేరు. కాలువలు, వీధి దీపాలు, నీళ్ల ట్యాంకులు, పారిశుధ్య కార్మికుల జీతాలు దీనిమీదే నడుస్తాయి. పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కూడా ఉంది, అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. అందుకే రాయితీ అడిగేవారు దాని పక్కనే వచ్చే దారి కూడా చూపించాలి.

అన్నిటికంటే పెద్ద దారి తప్పుగా నమోదైన వాడకం. ఇల్లుగా రాసి హాస్టల్ నడుపుతున్నవి, పార్కింగ్ సెల్లార్‌లో షాపులున్నవి, రెండు అంతస్తులకు పన్ను కట్టి నాలుగు అంతస్తులున్నవి. నివాసేతర రేటు నివాస రేటుకు ఎన్నో రెట్లుండవచ్చు కాబట్టి ఇలాంటి ఒక్క భవనాన్ని సరిచేస్తే చాలా సొంత ఇళ్ల రాయితీకి సరిపడా వస్తుంది.

రెండో దారి ప్రభుత్వ ఆస్తులు. రాజ్యాంగం 285వ అధికరణ ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఆస్తుల మీద స్థానిక పన్ను లేదు. కానీ 2009లో రాజ్‌కోట్ కేసులో సుప్రీంకోర్టు ముందు కుదిరిన ఏర్పాటు ప్రకారం సర్వీసు చార్జీ కట్టాలి. సేవలన్నీ వాడుకుంటే ఆస్తి పన్నులో 75 శాతం, కొన్నే వాడుకుంటే 50 శాతం, ఏవీ వాడుకోకపోతే మూడో వంతు. రైల్వే డివిజన్ కేంద్రమైన విజయవాడలో ఇది చిన్న పద్దు కాదు. రాష్ట్ర కార్యాలయాలు తమ పన్ను సమయానికి కడితే ఇళ్ల మీద ఒత్తిడి ఇంకా తగ్గుతుంది.

బిల్లులో వెతకాల్సినవి

విధానం మారేదాకా ఆగకుండా ఇప్పుడే సరిచేయించుకోగల తప్పులు చాలా ఇళ్ల బిల్లుల్లో ఉంటాయి. పురపాలక శాఖ వెబ్‌సైట్‌లో అసెస్‌మెంట్ నంబరుతో వివరాలు తీసి, ఇంటి ప్లానుతో పక్కపక్కన పెట్టి చూడాలి.

ఎక్కువగా దొరికేది రెండు అసెస్‌మెంట్లు. ఖాళీ స్థలంగా ఉన్నప్పుడు పన్ను ఒక నంబరు మీద పడుతుంది, ఇల్లు కట్టాక కొత్త నంబరు వస్తుంది, పాతది మూయరు. దాని మీద బకాయి, వడ్డీ పెరుగుతూ ఉంటాయి. ఇల్లు అమ్మేటప్పుడో, పై అంతస్తు ప్లాను పెట్టినప్పుడో బయటపడుతుంది. ఇంటి పన్ను మొదలైన తేదీ చూపించి, ఆ తేదీ నుంచి ఖాళీ స్థలం అసెస్‌మెంట్ రద్దు చేయమని అర్జీ పెట్టాలి.

తర్వాతిది అనధికార నిర్మాణ జరిమానా. అనుమతి ఉన్న అంతస్తుల్లో సెట్‌బ్యాక్ (కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీ) ఉల్లంఘన 10 శాతం లోపైతే పన్నులో 25 శాతం, 10 శాతం దాటితే 50 శాతం, అనుమతి లేని అంతస్తుకు గాని అసలు ప్లానే లేని ఇంటికి గాని 100 శాతం. ఇది కడితే నిర్మాణం సక్రమమైపోతుందని చాలామంది అనుకుంటారు. కాదు, ఇది ఏటా పడే జరిమానా మాత్రమే. బీపీఎస్ (అనధికార కట్టడాలను క్రమబద్ధీకరించే పథకం) కింద క్రమబద్ధీకరణ పత్రం వచ్చినవారికి కూడా బిల్లులో జరిమానా తనంతట తాను పోకపోవచ్చు. ఆ పత్రం నకలు రెవెన్యూ విభాగానికి ఇచ్చి తీయించుకోవాలి.

అపార్ట్‌మెంట్లలో ఫ్లాటు విస్తీర్ణానికి ఉమ్మడి స్థలం రెండుసార్లు కలవడం, అవిభాజ్య వాటా రిజిస్ట్రేషన్ దస్తావేజులో ఒకటీ బిల్లులో ఒకటీ ఉండటం చూస్తాం. 10 గజాల తేడా అంటే పై ఉదాహరణలో ఏడాదికి 450 రూపాయలు. కట్టిన సంవత్సరం తప్పు పడితే తరుగు పోతుంది. పాత ఇళ్లకు పాత పన్ను రసీదు, పాత కరెంటు సర్వీసు తేదీ వయసుకు ఆధారాలు.

ఇలాంటి తప్పుల మీద కమిషనర్‌కు రివిజన్ పిటిషన్, అంటే పన్ను లెక్క సవరించమనే అర్జీ, పెట్టాలి. పన్ను మారినప్పుడు కార్పొరేషన్ ఇచ్చే ప్రత్యేక నోటీసు మీద రాసిన గడువులోపే పెట్టాలి, నోటీసు అందిన తేదీ వేసి సంతకం పెట్టిన నకలు దాచుకోవాలి. వార్డు అడ్మినిస్ట్రేటివ్ కార్యదర్శికి నోటితో చెప్పడం లెక్కలోకి రాదు, రసీదు నంబరు కావాలి. పిటిషన్‌లో పన్ను ఎక్కువైందని రాస్తే ఫలితం ఉండదు. విస్తీర్ణం, గజం ధర, వాడకం, వయసు, ఈ నాలుగింట్లో ఏది తప్పో, సరైనది ఎంతో, దానికి కాగితం ఏదో రాయాలి. కమిషనర్ ఉత్తర్వు మీద కోర్టుకు వెళ్లాలంటే డిమాండు చేసిన పన్ను ముందుగా కట్టాలి, కాబట్టి రివిజన్ దశలోనే పూర్తి ఆధారాలు పెట్టడం చవక.

అదే పిటిషన్‌లో ఇంకొక అభ్యర్థన కూడా చేర్చవచ్చు: మూలధన విలువ లెక్క ప్రకారం ఈ ఇంటికి చివరికి చేరాల్సిన పన్ను ఎంతో లిఖితపూర్వకంగా తెలపమని. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు, తన ఇంటి లెక్క తాను అడిగినప్పుడు కాదనడానికి కారణం ఉండదు. ఒక డివిజన్‌లో యాభై ఇళ్ల అంకెలు ఇలా పోగైతే, ఏ వీధిలో ఏ రకం ఇంటికి పెంపు ఎన్నేళ్లు నడుస్తుందో కాగితం మీద కనబడుతుంది. 0.10కీ 0.50కీ మధ్య రేటు మీద కౌన్సిల్ తీర్మానం చేసే ముందు కార్పొరేటర్ చేతిలో ఉండాల్సిన కాగితం అది.